ఆన్సర్‌బ్యాక్

మా మేనేజరు గారు టెలెక్స్ గది గుమ్మంలో నిలబడి రోజూ అడిగే ప్రశ్నలు రెండే.

"అమ్మాయ్, గ్రీకు వాళ్లకి మెసేజి పోయిందా?"

"పోయిందండి."

"ఆన్సర్‌బ్యాక్ వచ్చిందా?"

వచ్చిందండి అని నేను చెప్పాకే ఆయన వెళ్లి తన కుర్చీలో కూర్చునేవారు.

అది విశాఖపట్నంలో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసు. 1993లో టెలెక్స్ ఆపరేటరుగా చేరాను. హార్బరుకి వచ్చే ఓడకి బెర్తు, పైలట్, మంచినీళ్లు, కస్టమ్స్ కాగితాలు చూసిపెట్టడం ఆఫీసు పని. ఆ ఓడల యజమానులు ఏ పైరియస్‌లోనో, సింగపూర్‌లోనో ఉంటారు. వాళ్లకీ మాకూ మధ్య మాట నడపడం నా పని.

టెలెక్స్ 50 బాడ్ వేగంతో నడిచేది. నిమిషానికి నాలుగు వందల అక్షరాలు, అంతకు మించి పోదు. లైను మీద ఉన్నంతసేపూ డబ్బు అవుతుంది కనుక మెసేజిని ముందే కాగితపు టేపు మీద కొట్టి పెట్టుకునేదాన్ని. వేలెడు వెడల్పున్న ఆ టేపు మీద ఒక్కో అక్షరానికి ఐదు చిల్లుల జాగా. తర్వాత నంబరు కలపాలి. లైను కలవగానే "హూ ఆర్ యూ" మీట నొక్కాలి. అవతలి యంత్రంలో చిన్న డ్రమ్ము ఒకటి తిరిగి, దాన్ని బిగించిన రోజునే కుదిర్చి పెట్టిన గుర్తు మన కాగితం మీద టపటపా పడుతుంది: వాళ్ల నంబరు, పొట్టి పేరు, దేశం అక్షరాలు, అన్నీ కలిపి ఇరవై అక్షరాల లోపు. ఆ గుర్తే ఆన్సర్‌బ్యాక్. దాన్ని నేను మార్చలేను, అవతల కూర్చున్న ఆపరేటరూ మార్చలేదు. టేపు నడిపాక మీట ఇంకోసారి నొక్కాలి. రెండోసారీ అదే గుర్తు పడితే లైను మధ్యలో తెగలేదని, మెసేజి ఆ యంత్రం మీదే దిగిందని లెక్క. ఆ కాగితాన్ని ఓడ పేరు రాసిన ఫైల్లో గుచ్చేవాళ్లం. ఓడ ఆలస్యానికి కట్టే డెమరేజి మీద తగాదా వస్తే మొదట తీసేది ఆ కాగితమే.

ఇదంతా ముందు ఎందుకు చెబుతున్నానంటే, "అత్తా, సొంత మెయిల్ సర్వరు పెట్టుకోవడం ఆ తంటాకి తగిన పనేనా?" అని మా మేనల్లుడు ఈ మధ్య ఫోన్లో అడిగాడు. వాడు సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకుంటున్నాడు. 1999 నుంచి మా ఆఫీసు మెయిల్ సర్వరు చూస్తున్నది నేనే. ఆ రోజు వాడికి చెప్పిన జవాబు నాకే తృప్తిగా లేదు. ఈ పనిలో ఉన్న కష్టం ఎక్కడ పుట్టిందో చెప్పకుండా అవునని గానీ కాదని గానీ చెప్పడం సరికాదు. అది పుట్టింది ఒకే చోట. ఈమెయిల్ నియమాలు రాసిన రోజున అందులో ఆన్సర్‌బ్యాక్ పెట్టలేదు.

*

మన దేశంలో మెయిల్ మొదట నడిచింది చదువుల సంస్థల మధ్య. 1986లో మొదలైన ఎర్నెట్ అనే నెట్‌వర్కులో ఐదు ఐఐటీలు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ శాఖ, బొంబాయిలో సాఫ్ట్‌వేర్ పరిశోధన సంస్థ ఎన్‌సీఎస్‌టీ ఉండేవి. 1989 నుంచి బొంబాయి ఎన్‌సీఎస్‌టీకీ అమెరికాకీ మధ్య సెకనుకి 9.6 కిలోబిట్ల లైను ఒకటి ఉండేది. దేశం నుంచి బయటికి వెళ్లే ఉత్తరాలకి అదే వాకిలి. మామూలు జనానికి విదేశ్ సంచార్ నిగమ్ (వీఎస్‌ఎన్‌ఎల్) ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. మా ఆఫీసుకి మోడెమ్ వచ్చేసరికి 1997. మా ఖాతా హైదరాబాదుది, చిరునామా చివర హెచ్‌డీ1 డాట్ వీఎస్‌ఎన్‌ఎల్ అని ఉండేది. విశాఖ నుంచి ఎస్టీడీ చేసి కలపాలి. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీకి పావు చార్జీ కనుక పెద్ద ఉత్తరాలన్నీ ఆ వేళకి దాచి పెట్టేదాన్ని.

మా అన్నయ్య అప్పటికే అమెరికాలో చదువుకుంటున్నాడు. పాత 486 కంప్యూటర్ మీద లినక్స్ ఎలా పెట్టాలో, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉత్తరాలుగా పంపేవాడు. పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన సీడీ పెట్టుకుని నేను వాటి ప్రకారం చేసుకుపోయేదాన్ని.

1998లో ఒక సాయంత్రం, మెయిల్ సర్వరుతో చేత్తో మాట్లాడి చూడమని రాశాడు. టెల్‌నెట్‌తో 25వ పోర్టు తట్టాను. సర్వరు పేరు చెప్పుకుంది. నేను "హెలో" కొట్టాను. ఆజ్ఞలన్నీ నాలుగేసి అక్షరాలు కనుక ఆ మాటలో ఒక ఎల్ తగ్గించారు. తర్వాతది "మెయిల్ ఫ్రమ్", అంటే పంపేది ఎవరు అని. ఒప్పుకోదనే నమ్మకంతో అక్కడ మా మేనేజరు గారి చిరునామా కొట్టాను. 250 ఓకే అంది. ఎవరికి అన్న చోట కూడా ఆయన చిరునామానే ఇచ్చాను. 250. "డేటా" అన్నాను. రెండు ముక్కలు రాసి, కొత్త లైన్లో ఒక్క చుక్క పెట్టి ఎంటర్ కొట్టాను. మళ్లీ 250. ఆయన తనకి తాను రాయని ఉత్తరం ఒకటి ఆయన పెట్టెలో పడింది.

నాకు ఒళ్లు జలదరించింది. ఐదేళ్లు టెలెక్స్ ముందు కూర్చున్నదాన్ని. ఎవరు మాట్లాడుతున్నారో తేలకుండా ఒక్క అక్షరం దింపుకోవడం మాకు తెలియదు. "ఇందులో హూ ఆర్ యూ మీట ఎక్కడుంది?" అని ఆ రాత్రే అన్నయ్యకి రాశాను. "లేదమ్మా, ఎవరినని చెప్పుకుంటే వాళ్లే" అని జవాబు వచ్చింది.

ఎందుకు లేదో అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఈమెయిల్ నడిపే ఎస్‌ఎమ్‌టీపీ నియమాలని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో రాశారు. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్ మీద అప్పట్లో ఉన్నవి రెండు వందల పైచిలుకు యంత్రాలు. చాలావరకు విశ్వవిద్యాలయాలవి, ప్రయోగశాలలవి, సైన్యానివి. ఏ యంత్రం ఎవరి చేతిలో ఉందో ఒకరికొకరికి తెలుసు. పంపేటప్పుడు పద్ధతి తప్పకు, అందుకునేటప్పుడు పట్టుదలకి పోకు అన్నది పోస్టెల్ చెప్పిన నీతి. బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్ అనే సర్వరు ప్రోగ్రాము ఆ నీతితోనే పుట్టింది. పొరుగువాడి ఉత్తరం మన వాకిట్లోకి వస్తే, మనది కాకపోయినా ముందుకి అందించడం ఆనాటి మర్యాద. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకరైన జాన్ గిల్మోర్ తన యంత్రాన్ని అలా తెరిచే ఉంచారు. 2001లో లైనిచ్చే కంపెనీ అడ్డుపడినా ఆయన ఆ పట్టు విడవలేదు.

ఆ నియమాల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఒకటుంది. ఉత్తరాలు అందుకునే ప్రతి డొమైనులోనూ "పోస్ట్‌మాస్టర్" అనే చిరునామా ఉండి తీరాలి. అక్కడికి రాస్తే మనిషి చదవాలి. మా పోస్ట్‌మాస్టర్ పెట్టెకి వచ్చినవాటికి ఇన్నేళ్లలో జవాబివ్వకుండా వదిలింది లేదు.

*

1999లో ఆఫీసుకి 64 కిలోబిట్ల లీజుడ్ లైను వచ్చింది. అంటే మా సర్వరు రాత్రింబగళ్లు ఇంటర్నెట్ మీదే ఉంటుంది. సొంత డొమైను కొన్నాం. హైదరాబాదు కోఠీలో పాత పుస్తకాల వరసలో గబ్బిలం బొమ్మ అట్ట మీదున్న సెండ్‌మెయిల్ పుస్తకం దొరికింది. వెయ్యి పేజీల పైన ఉంటుంది. నిద్ర మానుకుని చదివాను. సెండ్‌మెయిల్ సెట్టింగుల ఫైలు చూసినవాళ్లకి తెలుస్తుంది, అది చదవడానికి రాసినట్టు ఉండదు. డాలర్లు, స్టార్లు, కుండలీకరణాలు, మధ్యలో ఎక్కడో ఒక అక్షరం. అయినా నెల రోజుల్లో దాని లోపలి తర్కం పట్టుకున్నాను.

ఒక్కటి మాత్రం పట్టించుకోలేదు. మా సీడీలో ఉన్న సెండ్‌మెయిల్ 8.8 ఎవరి ఉత్తరాన్నయినా ఎవరికైనా అందించేస్తుంది. 1998 మేలో వచ్చిన 8.9 నుంచి ఆ తలుపు మూసి ఇవ్వడం మొదలుపెట్టారు. నేను కొత్తది ఎక్కించలేదు. తప్పు నాది.

2000 జనవరిలో ఒక సోమవారం ఆఫీసు తలుపు తీసేసరికి డిస్కు కరకరమంటోంది. క్యూలో పదకొండు వేల ఉత్తరాలు. పంపినవాళ్ల పేర్లన్నీ దొంగ పేర్లు. అందుకోవలసినవాళ్లలో మాకు తెలిసినవాడు ఒక్కడూ లేడు. వాటి వెనక, ఆ మధ్యాహ్నం రావలసిన ఓడకి మేం పంపిన బెర్తు వివరాలు కదలకుండా ఉన్నాయి. అడగని సరుకుని ఉత్తరంలో అంటగట్టడం కొత్త విద్య కాదు. డెక్ కంపెనీలో పనిచేసే గ్యారీ థ్యుయెర్క్ 1978 మేలోనే ఆర్పానెట్ మీద దాదాపు 400 మందికి తమ కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మని ఒకే ఉత్తరం పంపాడు. ఆనాడు వాణ్ణి నలుగురూ కలిసి మందలిస్తే సరిపోయింది. 2000 నాటికి మందలించడానికి మనిషి కనిపించడు. నా యంత్రం కనిపిస్తుంది.

కనిపించింది కూడా. సెండ్‌మెయిల్ తరవాత ఈ వృత్తిని ఎక్కువ మార్చింది నిషేధ జాబితాలే అని నా అభిప్రాయం. 1997లో కాలిఫోర్నియాలో పాల్ విక్సీ మొదటిది పెట్టారు. దాని పని తీరు చాలా చిన్నది, చాలా తెలివైనది. ఉత్తరం తెచ్చిన యంత్రం ఐపీ నంబరులోని నాలుగు భాగాలనీ తిరగేసి, చివర జాబితా పేరు తగిలించి, పేర్లకీ నంబర్లకీ జత చెప్పే డీఎన్‌ఎస్‌ని అడుగుతారు. జవాబు వస్తే ఆ యంత్రం జాబితాలో ఉన్నట్టు, తలుపు వేసేయవచ్చు. జవాబు రాకపోతే లేనట్టు. ఆ దారిలోనే వచ్చిన ఇంకో జాబితాలో మా నంబరు ఎక్కింది. సింగపూర్ సర్వరు మా ఉత్తరాలకి 550 అని తిప్పికొట్టింది. 4తో మొదలయ్యే జవాబు వస్తే తర్వాత రమ్మని, 5తో మొదలైతే రానక్కర్లేదని.

పంతొమ్మిది రోజులు. మూల గదిలో గుడ్డ కప్పి ఉన్న టెలెక్స్ యంత్రాన్ని తుడిచి మళ్లీ వాడాం. మేనేజరు గారు గుమ్మంలో నిలబడి మళ్లీ ఆ రెండు ప్రశ్నలూ అడిగారు.

ఆ శిక్ష న్యాయమైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ఏ నేరానికి ఎక్కించారో రాసి ఉంది. ఏం దిద్దుకోవాలో రాసి ఉంది. దిద్దుకుని పరీక్ష చేయించుకుంటే పేరు తీసేశారు. అవతల ఒక మనిషి ఉన్నాడు.

*

2001లో సెండ్‌మెయిల్ వదిలి పోస్ట్‌ఫిక్స్‌కి మారాను. దీన్ని ఐబీఎమ్ పరిశోధనశాలలో వీట్సె వెనెమా అనే డచ్చి ఆయన రాసి 1998 డిసెంబరులో విడుదల చేశారు. మామూలు మాటల్లో ఉన్న సెట్టింగులు, ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాము, ఒకటి చెడితే ఇంకోదానికి అంటకుండా. అక్కడి నుంచి పదేళ్ల పైన నాకు సుఖంగా గడిచింది. కాకినాడలో మాలాంటి ఆఫీసు ఒకటి ఉంది. మా సర్వరు పడిపోతే వాళ్లది మా ఉత్తరాలు పట్టి ఉంచేది, వాళ్లది పడిపోతే మాది. రాత కోతలు లేవు, ఫోన్లో అనుకున్న మాట. వెనక తలుపుకి కాపలా తక్కువని స్పామ్ పంపేవాళ్లు ఆ దారినే రావడం మొదలయ్యాక, 2006లో ఇద్దరం అనుకుని మానేశాం.

ఆ ఒప్పందం లేకపోయినా ఎస్‌ఎమ్‌టీపీకి దాని ఓర్పు దానికి ఉంది. అవతలి సర్వరు పలకకపోతే పంపేవాడు ఉత్తరాన్ని పారేయకూడదు. క్యూలో పెట్టుకుని, కనీసం నాలుగైదు రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. ఈ వాక్యం నేను ఎన్నోసార్లు చదివాను. అది నిజంగా ఏమిటో 2014 అక్టోబరులో చూశాను.

12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. మేం చూస్తున్న ఓడని ముందే బయటి సముద్రంలోకి పంపేశారు. పదకొండు గంటలకి కరెంటు పోయింది, యూపీఎస్ ఇంకో నలభై నిమిషాలు లాగింది. తర్వాత రెండు రోజులు ఆఫీసు ఏమైందో కూడా తెలియదు. పడిపోయిన చెట్లు దాటుకుంటూ మంగళవారం నడిచి వెళ్లాను. కిటికీ అద్దాలు లేవు. సర్వరు గది మాత్రం లోపలి వైపు ఉండబట్టి పొడిగా ఉంది. ఊళ్లో కరెంటు లేదు, మంచినీళ్లు లేవు, పాలు లేవు. సర్వరు గురించి అడిగే స్థితిలో ఎవరూ లేరు, నేనూ అడగలేదు.

గురువారం సాయంత్రానికి జనరేటరు, లైను రెండూ కుదిరాయి. 6.40కి సర్వరు లేచింది. లాగ్ ఫైలు తెరిచి దాని ముందు కూర్చున్నాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక లైను కదిలింది. సింగపూర్. ఆదివారం మధ్యాహ్నం రాసినది. ఇంకొకటి. రాటర్‌డామ్. తర్వాత మేం చూస్తున్న ఓడ కెప్టెన్ సముద్రం మీద నుంచి శాటిలైట్ దారిన రాసినవి వరసగా నాలుగు: లంగరు వేశాం, లంగరు జారుతోంది, ఇంజను మీద నిలబడ్డాం, అందరం క్షేమం. నాలుగు రోజులుగా ఎక్కడెక్కడి యంత్రాలో మా తలుపు తట్టి, లేదనిపించుకుని, మళ్లీ వచ్చి తడుతూనే ఉన్నాయి. అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు. గంటా పావులో 312 ఉత్తరాలు దిగాయి. కొవ్వొత్తి వెలుగులో కూర్చుని ఏడ్చాను. ఎగ్జిమ్ లాంటి కొన్ని సర్వర్లు మామూలుగా నాలుగు రోజులకే ఊరుకుంటాయి. అలాంటి చోట్ల నుంచి రావలసినవి మూడు తిరిగి వెళ్లిపోయాయని తర్వాత తెలిసింది. మిగతావన్నీ వచ్చాయి.

అందుకోవడం విషయంలో నాకు ఆ రోజు తేలిపోయింది. సొంత సర్వరు రెండు రోజులు పడిపోతే ప్రళయం రాదు. చాలామంది ఆ భయంతోనే మానేస్తారు, అది నిజం కాని భయం.

*

పంపడం వేరే కథ.

జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న ఒక గిగాబైటు చోటుతో వచ్చింది. అప్పటికి హాట్‌మెయిల్ ఇస్తున్నది రెండు మెగాబైట్లు. మనుషులు అటు వెళ్లడంలో ఆశ్చర్యం ఏముంది? దిగుమతిదారులు వెళ్లారు, ఓడ సరుకు దింపే స్టీవడోర్లు వెళ్లారు, మా ఆఫీసులోనే సగం మంది సొంత ఉత్తరాలకి అక్కడికి వెళ్లారు. దానితో, ఒకప్పుడు వేల ఆఫీసుల్లో వేలమంది పోస్ట్‌మాస్టర్లు చేస్తున్న నిర్ణయం, ఏ ఉత్తరాన్ని లోపలికి రానివ్వాలి అన్నది, నాలుగైదు కంపెనీల చేతిలోకి వెళ్లింది.

ఆన్సర్‌బ్యాక్ కూడా ఆ కాలంలోనే వచ్చింది, మూడు ముక్కలుగా. ఎస్‌పీఎఫ్ 2006లో అచ్చయింది: మా డొమైను పేరు మీద ఉత్తరం పంపే హక్కు ఏ యంత్రాలకి ఉందో డీఎన్‌ఎస్‌లో రాసి పెట్టడం. డీకిమ్ 2007లో: ప్రతి ఉత్తరం మీదా సర్వరు వేసే ముద్ర, దారిలో మార్చితే చెరిగిపోతుంది. డీమార్క్ 2012లో: ఈ రెండూ తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో మనం చెప్పి ఉంచడం. నేను మూడూ పెట్టాను, ఇష్టంగా పెట్టాను. 1998లో అన్నయ్యని అడిగిన మీట ఇదే కదా. మా మేనేజరు గారి చిరునామాతో ఎవరుపడితే వాళ్లు ఉత్తరం రాయడానికి ఇప్పుడు వీల్లేదు.

అయితే టెలెక్స్‌లో ఆన్సర్‌బ్యాక్ పడ్డాక మెసేజి దిగడం ఖాయం. ఇక్కడ అలా కాదు. 2016లో ఒక బొగ్గు ఓడ వస్తోందని దిగుమతిదారుడికి మామూలుగా ఉత్తరం పంపాం. ఆయనది ఒక పెద్ద కంపెనీ ఇచ్చే ఉచిత చిరునామా. మా లాగ్‌లో 250 ఉంది, తీసుకున్నాం అని అవతలి సర్వరు చెప్పింది. తీసుకెళ్లి స్పామ్ పెట్టెలో పడేసింది. ఆయన చూడలేదు, కస్టమ్స్ దగ్గర బిల్ ఆఫ్ ఎంట్రీ వేయలేదు. బెర్తు వంతు తప్పిపోయింది. ఓడ ఒకటిన్నర రోజు బయట లంగరు మీద ఉంది. డెమరేజి తగాదాలో నేను లాగ్ కాగితం పట్టుకెళ్లాను. "ఇది మా పెట్టెలో పడినట్టు రుజువు కాదు కదమ్మా" అన్నారు వాళ్ల లాయరు. ఆయన అన్నది సరైనదే. ఇరవై మూడేళ్లు రుజువుల కాగితాలు ఫైల్లో గుచ్చినదాన్ని, నా చేతిలో రుజువు లేదు.

కారణం ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అవతల మనిషి లేడు, ఫారం ఉంది. నాకు నేనుగా వెతికి పట్టుకున్నవి ఇవి. మా ఐపీ నంబరు ఎవరిదని డీఎన్‌ఎస్‌ని వెనక్కి అడిగితే మా పేరు రావడం లేదు. అది సరిచేయమని మాకు లైనిచ్చే కంపెనీకి రాస్తే మూడు నెలలు పట్టింది. మా పక్క నంబర్లలో ఎవరో స్పామ్ పంపుతున్నారు, వాడకట్టు చెడ్డదైతే మన ఇంటినీ అలాగే చూస్తారు. అన్నిటికన్నా కష్టమైనది మూడోది. మేం రోజుకి నలభై ఉత్తరాలు పంపుతాం. అంత తక్కువ పంపేవాడికి ఆ లెక్కల్లో మంచి పేరు అంటూ ఏర్పడదు, చెడ్డ పేరూ ఏర్పడదు. పేరు లేనివాణ్ణి అనుమానించడం వాళ్లకి తేలిక. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో (గూగుల్ లెక్కలో రోజుకి 5,000 పైన) పంపేవాళ్లకి గూగుల్, యాహూ గట్టి నియమాలు పెట్టాయి: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ఆ ఉత్తరాలు ఇక వద్దని ఒక్క నొక్కుతో చెప్పే వీలుండాలి, స్పామ్ అన్న ఫిర్యాదులు 0.3 శాతం లోపు ఉండాలి. మంచి నియమాలే. రోజుకి లక్ష పంపేవాడు దానికొక ఉద్యోగిని పెట్టుకుని తీరుస్తాడు. నలభై పంపే ఆఫీసు తన నిజాయితీని ఎలా రుజువు చేసుకోవాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. ఇది నాకు కోపం తెప్పించే సంగతి, దాచుకోను.

*

ఇంత జరిగినా వదలకపోవడానికి కారణాలున్నాయి. ఒకటి తెలుగుది.

మొదట్లో ఈమెయిల్ వైరు మీద ఏడు బిట్ల ఇంగ్లీషు అక్షరాలే నడిచేవి. నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 1992లో రాసిన మైమ్ నియమాలతో మిగతా లిపులకి దారి దొరికినా, అన్నయ్య ఉత్తరాలు ఇంకా ఇంగ్లీషు అక్షరాల్లోనే వచ్చేవి. "అమ్మ" అన్న మాట యూనికోడ్‌లో నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. దాన్ని పాత దారిలో పట్టేలా మారిస్తే పదహారు ఇంగ్లీషు అక్షరాలు అవుతుంది. అవతలి ఒడ్డున మళ్లీ అమ్మ అవుతుంది. సర్వరు క్యూలో ఉన్న ఉత్తరాన్ని తెరిచి ఆ పదహారు అక్షరాలు నేను కళ్లారా చూశాను.

చిరునామా మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయింది. 2012లో ఆ నియమాలూ మారాయి. 2014లో జీమెయిల్ అలాంటి చిరునామాలకి పంపడం, వాటి నుంచి అందుకోవడం మొదలుపెట్టింది. పోస్ట్‌ఫిక్స్ 3.0 2015లో వచ్చింది. దాన్ని ఎక్కించిన వారంలో, డాట్ భారత్ కింద తెలుగులో తీసుకున్న డొమైను మీద, ఉత్తరం అనే పెట్టె ఒకటి నా కోసం పెట్టుకున్నాను. చిరునామా మొదటి అక్షరం నుంచి చివరి దాకా తెలుగు. అన్నయ్య జీమెయిల్ నుంచి దానికి రాశాడు. ఈసారి తెలుగులో, తెలుగు అక్షరాల్లో. ఇది ఎవరినీ అడిగి పెట్టించుకున్నది కాదు. సర్వరు నాది కనుక ఒక సాయంత్రంలో అయింది.

రెండోది పాత ఉత్తరాలు. మా ఉత్తరాలన్నీ 1999 నుంచి ఒక్కో ఉత్తరానికి ఒక్కో ఫైలుగా ఉన్నాయి. ఏ ఓడ, ఏ సంవత్సరం అన్నా ఒక్క ఆజ్ఞతో తీస్తాను. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడింది. అంతకు ముందు సంవత్సరమే వాటిలోని పాత ఉత్తరాలు తొలగించారు. తెలుగువాళ్లు సాహిత్యం మీద ఏళ్ల తరబడి వాదించుకున్న గుంపులు అక్కడ ఉండేవి. ఎవరైనా తమ డిస్కు మీదికి దింపుకున్నవి మిగిలాయి.

మేనల్లుడికి ఇప్పుడు చెప్పేది ఇది. అందుకోవడం, దాచుకోవడం సొంతంగా పెట్టుకో. అది ఇప్పటికీ పూర్తిగా మన చేతిలో ఉంది, కష్టమూ తక్కువ. పంపడం మన చేతిలో లేదు. అదీ సొంతంగానే చెయ్యాలంటే లాగ్ చదవడం ఇష్టమున్న మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి సెలవు పెట్టినప్పుడు ఇంకొకరు ఉండాలి. లేకపోతే ఆ సగం వద్దు. మేం 2019లో ముంబైలో అద్దె యంత్రం మీదికి మారాం, మంచి వాడకట్టు చూసుకుని. నెలకి తొమ్మిది వందల రూపాయలు. ఉచిత చిరునామాలకి వెళ్లే ఓడ రాక నోటీసులు మాత్రం 2021 నుంచి డబ్బు తీసుకుని అందించే సంస్థ ద్వారా పంపుతున్నాం. నాకు ఇష్టం లేదు, కానీ ఓడ లంగరు మీద ఆగిపోతే నష్టం ఇతరులది. నోటీసు పంపిన ప్రతిసారీ ఫోన్ చేసి "పడిందా అండీ?" అని అడగమని ఆఫీసులో పిల్లలకి చెప్పాను.

2003 నుంచి ఈ సర్వరు మీద పెట్టిన సమయాన్ని ఒక పుస్తకంలో రాస్తున్నాను. 2009కి మొత్తం 22 గంటలు. 2016, 17 కలిపి 140 గంటలు, దాదాపు అంతా పంపడం మీదే. పోయిన ఏడాది 41.

నిన్నటి పద్దు ఇరవై నిమిషాలు. పారాదీప్ నుంచి వస్తున్న ఓడ కెప్టెన్ ఉత్తరం రెండుసార్లు 451 అనిపించుకుని మూడోసారి దిగింది. ముక్కూ మొహం తెలియని సర్వరుని మొదటిసారి కాసేపాగి రమ్మనే నియమం ఒకటి పెట్టాను. నిజమైన సర్వరు తిరిగి వస్తుంది, స్పామ్ పంపేది చాలాసార్లు రాదు. ఈ శాటిలైట్ కంపెనీ ప్రతిసారీ ఒక కొత్త నంబరు నుంచి వస్తోంది, అందుకని మా సర్వరుకి అది ప్రతిసారీ కొత్తదే. ఆ నంబర్ల వరస మొత్తాన్ని మినహాయింపులో చేర్చాను. సర్వరు కొత్త సెట్టింగులు చదువుకుందని చూసుకున్నాను. తర్వాత కెప్టెన్‌కి ఒక్క ముక్క రాశాను: అందింది.